గురువారం పిడికిలి

పొద్దున్నే వాట్సాప్‌లో ఒక ఆహ్వాన పత్రిక వచ్చింది. నేను రిటైరైన చిన్న బడి వాళ్ళు పంపారు. పచ్చటి అంచు, మసీదు మినారు బొమ్మ, పక్కన నా పాత ఫొటో. ఆ ఫొటోలో నా జుట్టు ఇంకా నల్లగానే ఉంది కాబట్టి ముందు సంతోషించాను. తర్వాత కళ్ళజోడు వెతికి తెచ్చుకుని కింద ఉన్నది చదివాను. ‘మన బడిలో పిడికెడు గురువారాన్ని మొదలుపెట్టిన పెద్ద టీచరమ్మ చేతుల మీదుగా ఈ ఏటి మొదటి పిడికిలి’ అని రాశారు. టీ చల్లారిపోయి మీగడ కట్టింది కానీ నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. దాన్ని మొదలుపెట్టింది నేను కాదు.

చిలకలూరిపేటకు నాలుగు మైళ్ళ దూరంలో, మసీదు గోడకు ఆనుకుని రెండు గదులు, ఒక రేకుల వరండా, అంతే మా బడి. పొద్దున అరబ్బీ అక్షరాలు, ఆ తర్వాత తెలుగు, లెక్కలు. శుక్రవారం సెలవు కాబట్టి గురువారం మధ్యాహ్నం నుంచే పిల్లల మనసు బడిలో ఉండేది కాదు. తండ్రులు జిన్నింగు మిల్లుల్లోనో లారీల మీదో ఉండేవారు, తల్లులు పత్తి తీయడానికీ మిరపకోతలకూ పోయేవారు. పై వీధి వాళ్ళకూ కింద వీధి వాళ్ళకూ ఎప్పటివో మాటపట్టింపులు. పెద్దలు మాట్లాడుకోకపోతే పోయె, పిల్లలు కూడా వరండాలో రెండు గుంపులుగా కూర్చునేవారు. నాకు అసలే క్రమశిక్షణ పిచ్చి. అందరినీ కలిపేస్తానని పిల్లల్ని నాలుగు జట్లు చేసి నాలుగు రంగుల రిబ్బన్లు కట్టించాను. వారం తిరక్కుండా ఆ రిబ్బన్ల కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్నారు.

ఆ గొడవ విడిపించడానికి వచ్చిన తల్లుల్లో ఒకావిడ మాత్రం వెళ్ళకుండా నిలబడింది. రెండో తరగతి పిల్ల వాళ్ళమ్మ. కోల్డ్ స్టోరేజీ దగ్గర షెడ్డులో మిరపకాయలకు తొడిమలు తీసే పని ఆవిడది. ఆ పని చేసేవాళ్ళ వేళ్ళు ఎప్పుడూ ఎర్రగా, మంటగా ఉంటాయి. “రిబ్బన్లతో ఏం కలుస్తారండీ టీచరమ్మా? ఒక్క కుండలో వండి పెట్టండి, వాళ్ళే కలుస్తారు. తలా పిడికెడు బియ్యమో పప్పో తెమ్మనండి, గురువారం గురువారం నేనొచ్చి వండిపెడతా” అంది. నేను వెంటనే ఎవరెవరు ఏం తెచ్చారో పేర్లు రాయాలని మొదలుపెట్టాను. ఆవిడ నా చేతిలోని కాయితం వంక చూసి, “అట్టా రాయొద్దండీ. ఇంట్లో లేని రోజు కూడా ఉంటది గదా. పిడికిలి మూసే సంచిలో పెట్టాల, లోపలే తెరవాల. ఎవరు వేశారో ఎవరి చెయ్యి ఖాళీయో ఎవరికీ తెలియకూడదు” అంది. ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పిన నాకు ఆ ఆలోచన రాలేదు.

అలా మొదలైంది. గుడ్డసంచి మూతి దగ్గర బిగించిన చిన్న పిడికిళ్ళ వరస, వరండా చివర మూడు రాళ్ళ పొయ్యి, ఒక్కో పళ్ళెం చుట్టూ అయిదుగురు పిల్లలు. కిచిడీ ఏ వారానికి ఆ వారం వేరే రుచి. ఒకసారి ఎవరో గోంగూర రెమ్మలు వేసి అందరి పళ్ళూ పులిసేలా చేశారు. ఇంకోసారి అందరూ కందిపప్పే తెచ్చారు, ఆ సాయంత్రం సంగతి చెప్పకపోవడమే మర్యాద. ఏడాది తిరిగేసరికి పై వీధి పిల్లలూ కింద వీధి పిల్లలూ ఒకే పళ్ళెంలో మాడు కోసం పోట్లాడుకుంటున్నారు. వెనకాలే తల్లులు కూడా ఒకరి గుమ్మంలోకి ఒకరు రావడం మొదలుపెట్టారు.

ఆ మరుసటి ఏడు, బడులకు విరాళాలిచ్చే ట్రస్టు తరఫున తాడేపల్లి నుంచి ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు. మాకు మూడో గది కట్టించాలా వద్దా అని చూసి చెప్పడానికి. కావాలనే వాళ్ళను గురువారం రమ్మన్నాను. మిరప పని ముమ్మరంగా ఉన్న రోజులు. ఆవిడ షెడ్డు నుంచి పరుగున వచ్చి, ఆ చీరతోనే గదిలో గరిటె పట్టుకుని వడ్డనకు దిగింది. కొంగు దులిపిందో లేదో, పెద్దమనుషుల్లో ఒకాయన తుమ్మాడు. తర్వాత రెండో ఆయన. ఆ తర్వాత ముగ్గురూ కలిసి దగ్గు. పిల్లలు పకపకా నవ్వారు. నాకు మాత్రం గది చేజారిపోతోందనిపించింది. గబగబా వెళ్ళి, “ఈ పూటకి నువ్వు బయట ఉండమ్మా. స్నానం చేసొద్దువుగాని, మళ్ళీ నేనే పిలుస్తాలే” అన్నాను. ఆవిడ గరిటె నా చేతికిచ్చి కిటికీ అవతలికి వెళ్ళి నిలబడింది. కిచిడీ తిని పెద్దాయన, “ఎంత మంచి పద్ధతమ్మా! ఎవరికొచ్చింది ఈ ఆలోచన?” అని అడిగాడు. నేను అబద్ధం చెప్పలేదు. నవ్వి ఊరుకున్నాను. కిటికీ అవతల ఆవిడ అప్పటికింకా అక్కడే ఉంది.

గది వచ్చింది. గురువారం వంటకు మిగతా తల్లులు వంతులు వేసుకున్నారు. ఆవిడను మాత్రం నేను పిలవలేదు. మొదట గది పనుల్లో పడి మరిచిపోయాను. గుర్తొచ్చేసరికి మొహం చెల్లలేదు. ఆ తర్వాత, కోపం వచ్చుంటుంది, రావాలనుకుంటే తనే వస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాను. పిల్ల మాత్రం రోజూ బడికి వచ్చేది. రెండేళ్ళకు వాళ్ళు పని వెతుక్కుంటూ దర్శి వైపు వెళ్ళిపోయారు. ఎవరైనా పిడికెడు గురువారం గురించి అడిగితే నేను నవ్వి ఊరుకోవడం అలవాటు చేసుకున్నాను.

పోయినేడు చిలకలూరిపేట బస్టాండులో ఒకమ్మాయి చంకలో బిడ్డతో నా ముందుకొచ్చి సలాం చెప్పింది. ఆ పిల్లే. అమ్మ పోయి రెండేళ్ళయిందని చెప్పింది. “మీరంటే ఎంత ఇష్టమో అండీ అమ్మకి. గురువారం వస్తే చాలు, మధ్యాహ్నానికల్లా షెడ్డు నుంచి వచ్చేసి, తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో కూర్చునేది. టీచరమ్మ పిలుస్తానంది, మళ్ళీ మిరపకాయల కంపుతో పోతే బాగోదు గదా అనేది. దర్శి పోయిందాకా అంతేనండీ” అంది. చిన్నప్పటి ముచ్చటలా నవ్వుతూ చెప్పింది. ఇంతలో ఆ అమ్మాయి బస్సు వచ్చింది. నా బస్సు కూడా వచ్చి వెళ్ళిపోయిందని చాలాసేపటికి గానీ తెలియలేదు.

ఇందాక ఇప్పటి హెడ్ మేడంకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లే ఆమె. అంతా విని, “కార్డులు పంచేశాం కదా మేడం. పోనీ మీరే వచ్చి మైకులో చెప్పండి” అంది. చెబుతాను. ఆ కిటికీ ముందు నిలబడి చెబుతాను. ఆ తర్వాత సంచిలో మొదటి పిడికిలి నాదేనట. బియ్యం పట్టుకెళ్ళడానికి నాకు మనసొప్పడం లేదు. ఖాళీ చెయ్యే మూసి పెడతాను. అందుకు చోటు ఉంచింది ఆవిడే. ఆవిడ ఇల్లు బడికి నాలుగు గుమ్మాల అవతల ఉండేది, నడిస్తే ఒక్క నిమిషం. రెండేళ్ళలో ఆ ఒక్క నిమిషం నాకు దొరకలేదు.