మా నాన్న బీట్‌రూట్ వైద్యం

విశాఖలో ఇనుముకు ఆయుష్షు తక్కువ. ఉప్పుగాలికి కిటికీ ఊచలు, సైకిళ్లు, గేటు గడియలు అన్నీ తుప్పు పడతాయి. అందుకే ఏటా వానలకు ముందే మా నాన్న ఊచలను గరుకు ఎమెరీ పేపర్‌తో గీకి, మళ్లీ తుప్పు పట్టకుండా ఎర్రటి రెడాక్సైడ్ పూసి, ఆరాక పైన రంగు వేసేవాడు. స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు దిగివచ్చి మళ్లీ ఇనుముతోనే సరసాలాడే మనిషి ఆయన.

రెండువేల దశకం మొదట్లో ఆయన షిఫ్టులోని స్నేహితుడు గుండెపోటుతో పోయాడు. శ్మశానం నుంచి వచ్చాక నాన్నకు అన్నం సహించలేదు. ఆ వారమే పేపర్లో ఆరోగ్యం పేజీ ఆయన కంటబడింది. యాంటీ ఆక్సిడెంట్లు ఒంట్లో ఆక్సీకరణాన్ని తగ్గిస్తాయట, ఎర్రటి కూరగాయల్లో అవి దండిగా ఉంటాయట.

"అంటే ఒంట్లో తుప్పన్నమాట! ఇన్నాళ్లూ ఎవుడూ సెప్పలేదేటి?" అన్నాడు.

ఇక ఆయన్ని పట్టేవాళ్లు లేరు. ముందు గీకాలి కదా, పరగడుపున వేపాకు రసం. తర్వాత ఫస్ట్ కోటు బీట్‌రూట్ రసం. అది ఆరడానికి కాసేపు ఆగి సెకండ్ కోటు. మధ్యాహ్నం మళ్లీ బీట్‌రూట్ కూర. చేపల పులుసు బంద్. మాకూ అదే గతి. ఇంట్లో ఎర్రగా లేనిది అమ్మ ముఖం ఒక్కటే అనుకుంటే, కోపంతో అదీ ఎర్రబడింది.

అమ్మకు నాన్న మేనత్త కొడుకు. మాట మింగే అలవాటు ఆమెకు లేదు. "బావా, నువ్వు మనిసివా, కిటికీవా?" అని అడిగేసింది.

ఒక ఉదయం నాన్న బాత్రూంలోంచి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. మూత్రం ఎర్రగా వచ్చిందట. "నెత్తురు పోతంది. నా పని అయిపోనాది" అన్నాడు. ఉన్నపళంగా ముగ్గురం ఆటో ఎక్కి ఆస్పత్రికి వెళ్లాం.

డాక్టరమ్మ పరీక్ష చేయించి, "రక్తం లేదండీ. బీట్‌రూట్ గానీ తింటున్నారా?" అంది.

"తినడమేటమ్మా, ఒంటికి పెయింటింగు కాంట్రాక్టు తీసుకున్నాడు" అంది అమ్మ.

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. అది దుంప రంగేనని, కొందరికి అలాగే వస్తుందని, బీట్‌రూట్ మంచిదే గాని అదొక్కటే కాకుండా చేపలూ ఆకుకూరలూ అన్నీ తినమని చెప్పి పంపింది.

నాన్న మాత్రం నవ్వలేదు. బయట బెంచీ మీద కూర్చుని తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. ఆయన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

"మా షిఫ్టులో ఆడు పోనాక ఆడి పెళ్లాం గుమ్మంలో ఒక్కర్తీ కూకుంది. నాను సూసాను. నాను పోతే నువ్వూ అలాగే కూకుంటావని బయమేసింది. ఆ సేదు రసం నా కోసం తాగానేటి?"

అమ్మ పైటచెంగుతో ఆయన ముఖం తుడిచింది.

"నువ్వు పోతే నాను బతుకుతాను బావా. తింటాను, తొంగుంటాను, టీవీ సూత్తాను. గానీ పొద్దున్నే లెగిసి ఎవుల్ని తిట్టీది?"