నాంచారమ్మ పిన్ని కప్పిన చీర

పదకొండేళ్లుగా ఒక పాత చీర నా గుండెల మీద బరువుగా ఉంది. చీరకేం బరువుంటుంది అని మీరు నవ్వచ్చు. ఉతికి ఉతికి పల్చబడ్డ నేతచీర అది, నాలుగు మడతలు వేసినా చంకలో ఇమిడిపోయేది. అయినా దాన్ని దించుకోవడం నా వల్ల కాలేదు. అమ్మకి చెప్పలేదు, కట్టుకున్నవాడికి చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్నెరగరు కాబట్టి ధైర్యం వచ్చిందేమో. లేక ఎరగని మనిషి దగ్గర మంచిదానిలా కనబడాలన్న యావ ఉండదు కాబట్టేమో.

అప్పుడు నేను విజయవాడలో ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో కొత్తగా చేరాను. కెమిస్ట్రీ డిగ్రీ. ఫీల్డు అసిస్టెంటు అనే పెద్ద పేరు, ఎండల్లో తిరిగే ఉద్యోగం. గాలిలో దుమ్మెంతుందో కొలవడం నా పని. దానికొక మిషను ఉంటుంది. పొడుగాటి పెట్టె, పైన పెంకుటింటి కప్పులా రెండువైపులా వాలిన మూత. ఆ మూత అంచుల కిందనుంచి గాలిని లోపలికి లాక్కుని ఒక తెల్లటి కాగితం గుండా వదులుతుంది. దుమ్మంతా కాగితానికి పడుతుంది. పెట్టే ముందు ఒకసారి, తీశాక ఒకసారి కాగితాన్ని తూస్తాం. ఎంత బరువు పెరిగితే గాలిలో అంత దుమ్మున్నట్టు.

ఆ వేసవి మా ల్యాబుకి ప్రభుత్వం పని వచ్చింది. ఎక్కడెక్కడ గాలి చెడిపోయిందో చూసి, ఏ ఫ్యాక్టరీల బాయిలర్లకి దుమ్ము పట్టే ఫిల్టర్లు తప్పనిసరి చేయాలో ఒక ప్రణాళిక తయారు చేస్తున్నారు. నూజివీడు దగ్గర ఒక ఊళ్లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. ఆ పక్క కాలనీలో మూడు వారాలు, వారానికొక రోజు మిషను పెట్టాలి. పొద్దున పెట్టి మర్నాడు పొద్దున తీయాలి. మిషను పెట్టడానికి మేడ మెట్లున్న ఇల్లు కావాలని వీధంతా తిరిగితే, నాంచారమ్మ పిన్ని ఇల్లు దొరికింది.

పిన్నికి అప్పటికి యాభై దాటాయి. భర్త లేడు. తోటల్లో కాయ కోతలకి, కళ్లంలో గ్రేడింగుకి వెళ్లేది. కానీ ఊళ్లో ఆవిడ పేరు తాండ్రకి. రసాలు పిండి, గుడ్డలో వడకట్టి, బెల్లం కలిపి ఈతచాప మీద పూసేది. ఆరాక మళ్లీ ఒక పూత, మర్నాడు మళ్లీ ఒకటి. వారం పది రోజులకి అది వేలెడు మందం తేలేది. హనుమాన్ జంక్షన్‌లో ఒక షాపాయన ఆవిడ తాండ్రంటే ఎదురుచూసి మరీ తీసుకునేవాడు. "గాలి కొలవడానికొచ్చావా! నువ్వే గాలికి ఎగిరిపోయేట్టున్నావే అమ్మాయ్" అంది నన్ను చూసిన మొదటి నిమిషంలో. రెండో నిమిషంలో కంచంలో అన్నం పెట్టింది. అలాంటి మనిషి. ఆవిడంటే నాకు ఆ రోజే ఇష్టం పుట్టింది, ఇప్పటికీ తగ్గలేదు. ఇది చదివేటప్పుడు ఆ మాట గుర్తుంచుకోండి. నేను ఇష్టం లేని మనిషికి చేసిన అన్యాయం కాదు ఇది.

మొదటి వారం మిషను మేడ మీద పెట్టి, స్విచ్చి వేసి, బాపులపాడులో ఇంకో మిషను ఉంటే దాన్ని చూసుకోవడానికి వెళ్లిపోయాను. మర్నాడు పొద్దున వచ్చి మెట్లెక్కి చూద్దును కదా, మిషను కనబడలేదు. దాని మీద నాలుగు మడతల చీర, చుట్టూ కొబ్బరి తాడు. లోపల మోటారు పాపం గుయ్యిమంటోంది. పక్కన చాప మీద తాండ్ర మాత్రం ఆరుబయట ఉంది.

మీకు విషయం అర్థమైందనుకుంటాను. ఆ ప్రాంతంలో మేడ మీద ఏది ఎండబెట్టినా పల్చటి చీర కప్పడం అలవాటు. తాండ్ర మీద, మాగాయ ముక్కల మీద, ఒడియాల మీద. కాకులు రాకుండా, మసి పడకుండా. పిన్ని నా మిషనుని కూడా అలాంటి వస్తువే అనుకుంది. దుమ్ము పట్టుకోవడమే దాని పని అని నేను చెప్పలేదు. అదొక తప్పు. కానీ ఒప్పుకోవడానికి వచ్చింది ఆ తప్పు కాదు.

పిన్ని వెనకే మెట్లెక్కి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "నిన్న నువ్వెళ్లిన దగ్గర్నుంచి మసి ఒకటే రాలతా ఉందమ్మాయ్. గవర్నమెంటు మిషను, పాడైపోద్దేమో, నీ ఉద్యోగానికి మాటొస్తదేమోనని తాండ్ర మీది చీర తీసి దీనికి కప్పాను. ఉతికిన చీరేలే" అంది.

నేను నవ్వాను. చీర విప్పి, మూత తీసి, కాగితం చూశాను. దాదాపు పెట్టినప్పుడెలా ఉందో అలాగే ఉంది. పుస్తకంలో 'ఈ నమూనా చెల్లదు' అని రాసి, కారణం రాసి, సంతకం పెట్టాలి. రెండు లైన్ల పని. ఆ నెలలో అప్పటికే కరెంటు పోయి నావి రెండు నమూనాలు చెడిపోయాయి. మూడోది చెడితే ఇంట్లో కూర్చోమని మా సారు అందరి ముందూ అన్నారు. కలం తీశాను. మామూలుగా పూర్తయినట్టు రాశాను. అంతే.

ఇక్కడితో ఆగి ఉంటే, కుర్రతనం, భయం అని నన్ను నేను సముదాయించుకునేదాన్నేమో. రెండో వారం ఉంది.

రెండో వారం మిషను పెట్టి స్విచ్చి వేసేసరికి పిన్ని చీర పట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా తోట అవతల ఫ్యాక్టరీ గొట్టం కనబడుతోంది. సీజను మధ్యలో ఉన్నారు, బాయిలర్లో ఊకతో పాటు సరిగ్గా ఆరని మామిడి టెంకలు కూడా వేస్తున్నారు. పొగ నల్లగా లేచి తోట మీదుగా మా వైపే వంగుతోంది.

"కప్పమంటావా అమ్మాయ్?" అంది.

నేను జవాబు చెప్పేలోపు పిన్ని చీర మడత ఒకసారి విప్పి మళ్లీ వేసింది. ఆ కాసేపట్లో నా బుర్ర చాలా చురుగ్గా పనిచేసింది. ఈసారి కాగితం నల్లబడితే పోయిన వారం తెల్లగా ఎందుకుందని అడుగుతారు. అడిగితే చీర సంగతి బయటపడుతుంది. పుస్తకంలో నేను రాసింది అబద్ధమని తేలుతుంది. ఒకటి దాచడానికి రెండోది కూడా తెల్లగానే ఉండాలి.

"కప్పు పిన్నీ" అన్నాను.

"చూశావా, నేను చెప్పలా" అని మురిసిపోతూ చేతిలో ఉన్న ఆ చీరే కప్పింది. తాడు ముడి సరిగ్గా పడకపోతే నేనే వేశాను. మూడో వారం ఆవిడ అడగనే లేదు, తనే కప్పేసింది. నేనూ వద్దనలేదు.

ఫ్యాక్టరీ వాళ్లేమైనా చేయి తడిపారా అని మీకు అనుమానం రావచ్చు. వాళ్లు నాకు టీ కూడా ఇవ్వలేదు. ఆ మేనేజరు ముఖమే నేను చూడలేదు. ఎవరో బెదిరించి ఉంటే, ఎవరో ఆశపెట్టి ఉంటే, తప్పులో సగం వాళ్ల మీదికి తోసేదాన్ని. అలా తోసే వీల్లేదు. పైగా నాకు బాగా ఇష్టమైన మనిషి చేత, నా మీద ఆవిడకున్న ఇష్టాన్నే వాడుకుని చేయించాను. అది నాకు అప్పుడు తెలియదా? తెలుసు. తెలిసే ముడి వేశాను.

తర్వాత జాబితా వచ్చింది. ఫిల్టర్లు పెట్టి తీరాల్సిన బాయిలర్లలో ఆ ఫ్యాక్టరీ లేదు. అక్కడి గాలి బాగుందని రాశారు. నా కాగితాలు చెప్పిందే వాళ్లు రాశారు.

నేను పిన్నిని చూడటం మానలేదు. ఏటా వేసవిలో ఒకసారైనా వెళ్లేదాన్ని. ప్రేమతోనా, పాపభయంతోనా? రెండూ కలిసిపోయాయి, ఇప్పుడు విడదీయలేను. ఏటికేడాది తాండ్రలో నల్లటి చారలు పెరిగాయి. కోస్తే పూతకీ పూతకీ మధ్య సన్నటి గీతలా కనబడేవి. చీర కప్పినా నుసి దిగేది, ఎక్కువసేపు కప్పితే తాండ్ర ఆరదు, వాసనొస్తుంది. హనుమాన్ జంక్షన్ షాపాయన ఒక ఏడు సగం తిప్పి పంపాడు, తర్వాతి ఏడు మొత్తం వద్దన్నాడు.

ఇక్కడే నా ప్రాణం పోయేది. మసి రాలడం కళ్లారా చూసిన మనిషే, అయినా పిన్ని పొగని అనుమానించలేదు. "మిషను పెట్టి చూశారుగా, గాలి బానే ఉందన్నారుగా. నువ్వే కదా చూసింది" అనేది. కాబట్టి తప్పు తనదే అనుకుంది. చాపలు మూడుసార్లు కడిగింది, కొత్తవి కొంది. వడగట్టే గుడ్డలు మార్చింది. తన కళ్లు మసకలొచ్చాయేమో, నలకలు కనబడటం లేదేమో అని నూజివీడు వెళ్లి పరీక్ష చేయించుకుంది. కళ్లు బాగానే ఉన్నాయన్నారు. అప్పుడు చేతుల మీద పడింది. "నా చెయ్యి చెడిపోయిందే" అనేది, అరచేతులు తిప్పి చూసుకుంటూ. నేను ఎదురుగా కూర్చుని ఆ తాండ్రే తింటూ, ఎంత బాగుందో పిన్నీ అనేదాన్ని. నాలుక మీద నుసి తగిలేది. ఏమనుకుంటున్నారు నా గురించి? నేనూ అదే అనుకునేదాన్ని.

మూడేళ్ల కిందట ఆవిడ తాండ్ర పోయడం మానేసింది. చాపలు చుట్టి అటక మీద పెట్టింది.

మొన్న ఏప్రిల్లో మళ్లీ ప్రణాళిక పని మొదలైంది. ఇప్పుడు ఆ ల్యాబులో రిపోర్టులన్నీ నేనే చూస్తున్నాను. ఫ్యాక్టరీ పంపిన ఫైలు నా టేబుల్ మీదికి వచ్చింది. మా చుట్టుపక్కల గాలి మొదటినుంచీ శుభ్రమే, ఫిల్టరు అక్కర్లేదు, ఇవిగో పాత కొలతలు అని మూడు కాగితాలు జత చేశారు. మూడింటి కిందా నా సంతకం. గుండ్రంగా, పొందిగ్గా, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల సంతకం.

ఆ మూడూ చెల్లవని, ఎందుకు చెల్లవో వివరంగా ప్రభుత్వానికి ఉత్తరం రాశాను. పేరుతో, హోదాతో. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇంకా తెలియదు. పోస్టు చేసే ముందు ఇంకో పని మిగిలింది. దానికి ఉత్తరం కంటే ఎక్కువ ధైర్యం కావలసి వచ్చింది.

పోయిన ఆదివారం వెళ్లాను. పిన్ని వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. పక్కన చతికిలబడి అంతా చెప్పాను. కాగితం సంగతి, చీర సంగతి, రెండో వారం తెలిసి తెలిసి నేనెందుకు కప్పమన్నానో కూడా. ఏడవకూడదనుకున్నాను. ఏడిస్తే ఆవిడ నన్ను ఓదార్చడంలో పడిపోతుంది, అది నాకు తెలుసు.

పిన్ని గింజలు తీయడం ఆపలేదు. చివరికి, "అయితే నా చెయ్యి చెడిపోలేదా?" అంది.

"లేదు పిన్నీ. నీ చేతిలో ఏ లోపమూ లేదు. పొగ వల్లే" అన్నాను.

"ఇన్నేళ్లూ నా చేతుల్ని నేనే తిట్టుకున్నానే అమ్మాయ్" అంది. కోపంగా అనలేదు. ఎవరికో జరిగిన సంగతి చెబుతున్నట్టు అంది. తర్వాత చింతపండు చేట తీసుకుని లోపలికి వెళ్లింది. కాసేపు వసారాలోనే కూర్చున్నాను. పిలుస్తుందేమో అనుకున్నాను. లోపల గిన్నెల చప్పుడు వినబడింది గాని, పిలవలేదు. నేను లేచి బస్సెక్కాను.

క్షమించమని అడగలేదు. అడిగితే క్షమించేస్తుంది, అందుకే. మర్నాడు పొద్దున ఉత్తరం పోస్టు చేశాను. గుండెల మీది బరువు దిగిన మాట నిజం. పదకొండేళ్ల తర్వాత మొదటిసారి గుండెల నిండా ఊపిరి తీసుకున్నాను. ఆ ఊళ్లో ఈ సీజనులో కూడా ఫ్యాక్టరీ గొట్టం నుంచి పొగ వస్తూనే ఉంది, పిన్ని ఆ గాలే పీలుస్తోంది.