కొబ్బరినూనె గడ్డకట్టే ఊరు

ఈ పొద్దున తలంటుకుందామని చూస్తే కొబ్బరినూనె సీసా మళ్ళీ తెల్లగా బిగుసుకుపోయి ఉంది. బోర్లించి అరచేతిలో కొట్టినా చుక్క రాలలేదు. షామ్‌బర్గ్‌లో జనవరి వచ్చిందని తెలియడానికి నాకు క్యాలెండర్ అక్కర్లేదు, ఈ సీసా చాలు. కాలిఫోర్నియాలో ఉండే మా అబ్బాయితో ఫోన్‌లో ఆ మాటే అంటే, "అమ్మా, చిన్న బౌల్‌లోకి తీసి మైక్రోవేవ్ చెయ్యి, థర్టీ సెకండ్స్ చాలు," అన్నాడు. వాడికేం, వాడుండే చోట నూనె గడ్డకట్టదు. సరేనని ఫోన్ పెట్టేసి, నా పద్ధతిలోనే గిన్నెలో వేడినీళ్ళు పోసి సీసాను అందులో నిలబెట్టాను. నూనె ముందు అంచుల దగ్గర కరుగుతుంది. మధ్యలో తెల్లటి ముద్ద కాసేపు తేలుతూ ఉంటుంది. అది కరిగేదాకా కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుంటాను. మా ఆయన పోయాక నాకు పొద్దున్నే అంత తొందరపడి చేయాల్సిన పనులేం లేవు. కూర్చున్న ప్రతిసారీ మా అత్తగారు గుర్తొస్తారు.

మా అత్తగారిది థాయ్‌లాండ్. అంటే మా ఆయనదీ థాయ్‌లాండే. డెబ్బైల చివర్లో నేను చదువుకోవడానికి ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన మా ల్యాబ్‌లోనే ఉండేవారు. మధ్యాహ్నం అందరూ చల్లటి శాండ్‌విచ్‌లు తింటుంటే మేమిద్దరమే డబ్బాల్లో అన్నం తెచ్చుకునేవాళ్ళం. ఆయన డబ్బాలోని చేపల వాసనకీ, నా డబ్బాలోని ఇంగువ వాసనకీ జడిసి మిగతావాళ్ళు వేరే బల్లకి వెళ్ళిపోయేవారు. అలా ఖాళీ అయిన బల్ల దగ్గర మొదలైంది మా కథ. కోర్టులో పెళ్ళి చేసుకుని కాకినాడకి ఫోన్ చేసి చెప్తే, మా నాన్న "అలాగా" అన్నారు. ఆ తరవాత అటునుంచి ఫోన్ రాలేదు. మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. నన్ను పెంచిన నాయనమ్మ నేను ఇక్కడికి వచ్చిన ఏడాదే పోయింది. అంటే, పెళ్ళయ్యేనాటికి నన్ను మందలించడానికైనా ఒక ఆడ దిక్కు లేకుండా పోయింది.

తెలుగువాళ్ళు అప్పట్లో ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో పండగలకి కలిసేవారు. మేమూ వెళ్ళాం. పులిహోర వడ్డిస్తూ ఒకావిడ, "మీ వారిది ఏ జిల్లా అండీ?" అని అడిగింది. "థాయ్‌లాండ్ అండీ," అన్నాను. ఆవిడ గరిట గాల్లోనే ఆపి, "ఓహో, అక్కడ సెటిలైన మనవాళ్ళా?" అంది. కాదని చెప్పాక ఆవిడ ఇంకో గరిటెడు పులిహోర వేసి పక్క విస్తరికి వెళ్ళిపోయింది. ఎవరూ మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు, అలాగని మళ్ళీ పిలవనూ లేదు. సిటీలో థాయ్ వాళ్ళు ఒక పాత ఇంటిని గుడిగా చేసుకున్నారు. ఆదివారాలు అక్కడికీ వెళ్ళేవాళ్ళం. వాళ్ళు నాకు నవ్వుతూ తినడానికి పెట్టి, మా ఆయనతో మాట్లాడుకునేవారు. ఇంట్లో మా ఇద్దరి మధ్యా ఇంగ్లీషు. అది ఆయనదీ కాదు, నాదీ కాదు. పోట్లాడుకుందామన్నా సమయానికి మాటలు తట్టక సగంలో వదిలేసేవాళ్ళం. మా కాపురం సజావుగా సాగడానికి అదీ ఒక కారణమే అనుకుంటాను.

ఆయన పొద్దున్నే కారేసుకుని ఆఫీస్‌కి వెళ్ళిపోయేవారు. నాకింకా ఉద్యోగం దొరకలేదు, డ్రైవింగ్ రాదు. అపార్ట్‌మెంట్ కిటికీలోంచి చూస్తే పార్కింగ్ లాట్, దాని అవతల రోడ్డు, రోడ్డు మీద కార్లు. మనిషన్నవాడు కాలినడకన కనిపించేవాడు కాదు. పగలంతా పెదవి విప్పే పని లేక, సాయంత్రం ఆయన వచ్చేసరికి నా గొంతు బొంగురుగా వచ్చేది. జలుబు చేసిందా అని అడిగేవారు పాపం. అవునని చెప్పేదాన్ని.

అలాంటప్పుడు, ఎనభైల మొదట్లో ఒక నవంబరులో, మా అత్తగారు వచ్చారు. మామగారు పోయి అక్కడ ఒంటరిగా ఉన్నారని, ఈ చలికాలం మా దగ్గర ఉండి, నచ్చితే ఇక్కడే ఉండిపోతారని మా ఆయన చెప్పారు. నచ్చాలని నేను మొక్కని దేవుడు లేడు. కోడళ్ళు అత్తగారు రాకూడదని మొక్కుకుంటారని విన్నాను కానీ, నా అవసరం వేరు. నాకు ఇంట్లో ఒక మనిషి కావాలి. ఎయిర్‌పోర్ట్‌లో ఆవిడ కనిపించగానే వంగి పాదాలకి దండం పెట్టాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. వాళ్ళలోనూ తల్లిదండ్రుల పాదాల దగ్గర మోకరిల్లడం ఉందట. ఇంకేం, అంతా మన పద్ధతే అని ధైర్యం వచ్చేసింది నాకు.

కాళ్ళ విషయంలో మాత్రం మా ఆయన ముందే పాఠం చెప్పారు. పెద్దల వైపు కాళ్ళు చాపకూడదు, కాలితో ఏదీ చూపించకూడదు. ఇవి మాకూ ఉన్నవే కదా అన్నాను. ఎలా పిలవాలని నేనే అడిగానో, ఆయనే చెప్పారో గుర్తులేదు కానీ, ఆవిడని ఆయన లాగే నేనూ 'మే' అనే పిలిచాను. అంటే అమ్మ అని. ఆవిడ పొడుగు లుంగీ కింద మా ఆయన థర్మల్ ప్యాంటు తొడుక్కుని ఇల్లంతా తిరిగేవారు. వచ్చేటప్పుడు సూట్‌కేసులో బట్టలకన్నా బరువైన రాతి రోలు తెచ్చుకున్నారు. అందులో ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ దంచుతుంటే కింద అపార్ట్‌మెంట్ వాళ్ళు చీపురుకర్రతో సీలింగ్ కొట్టేవారు. నాకు మాత్రం ఆ ఘాటుకి మా నాయనమ్మ రోటి పచ్చడే గుర్తొచ్చి నోరూరేది.

ఆవిడకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. మొదటి రెండు రోజులూ చేతులతో తిప్పలు పడ్డాను. మూడో రోజు అనిపించింది, ఎలాగూ ఇంగ్లీషు అర్థం కాదు కదా, తెలుగులో మాట్లాడితే ఏం పోయింది? "మే, అన్నం తిందాం రండి," అన్నాను. ఆవిడ లేచి వచ్చారు. ఇక నాకు పట్టపగ్గాల్లేవు. కాకినాడ సంగతులు, మా నాన్న కోపం, గోంగూర ఎలా వండాలో, అన్నీ ఆవిడకి తెలుగులో చెప్పుకున్నాను. ఆవిడ తలూపి తన కబుర్లు థాయ్‌లో చెప్పేవారు. ఎవరి మాట ఎవరికీ తెలియదు, మాటకి మాట మాత్రం తప్పకుండా పడేది. నా గొంతు బాగుపడిందని మా ఆయన కూడా గమనించారు.

జనవరిలో జరిగింది అసలు సంగతి. హీటర్ గాలికి ఆవిడ తల ఎండిపోయి ఒకటే దురద. కార్పెట్ మీద కూర్చుని టీవీ చూస్తూ దువ్వెన మొనతో గీరుకుంటున్నారు. కాకినాడలో ప్రతి ఆదివారం నాయనమ్మ తలకి నూనె పెట్టేది నేనే. నూనె అరచేతిలో పోసుకుని, మాడు మీద వేసి చప్పుడయ్యేలా చరవాలి, అప్పుడుగానీ నాయనమ్మకి నూనె ఇంకినట్టు కాదు. సీసాని వేడినీళ్ళలో పెట్టి కరిగించి, చేతినిండా పోసుకుని, వెనకనుంచి వెళ్ళి మా అత్తగారి మాడు మీద ప్రేమగా రెండు చరుపులు చరిచాను.

ఆవిడ దిగ్గున లేచారు. రెండు చేతులూ తల మీద పెట్టుకుని నా వైపు తిరిగారు. కళ్ళనిండా నీళ్ళు. కాసేపటికి తేరుకుని, "మై పెన్ రై," అన్నారు. పర్వాలేదు అని దాని అర్థం, ఆ మాట నాకు తెలుసు. ఆ మొహం చూస్తే పర్వాలేదని మాత్రం అనిపించలేదు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

సాయంత్రం మా ఆయన తల్లితో మాట్లాడి బయటికి వచ్చారు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మే తల మీద కొట్టావా?"

"కొట్టడమేంటి, నూనె పెట్టాను."

"చప్పుడయ్యిందట."

"చప్పుడవ్వాలి. మా ఊళ్ళో అలాగే పెడతారు."

ఆయన సోఫాలో కూలబడ్డారు. మనిషి ప్రాణమంతా తలలోనే ఉంటుందట, పెద్దవాళ్ళ తల ఎవరూ ముట్టుకోరట. మంగలి కూడా చెయ్యి వేసే ముందు దండం పెట్టి క్షమించమంటాడట. "నేను పుట్టాక ఇప్పటిదాకా మా అమ్మ తల ముట్టుకోలేదు," అన్నారు. కాళ్ళ గురించి అంత పాఠం చెప్పిన మనిషి తల సంగతి ఎలా మర్చిపోయారని నాకు ఒళ్ళు మండింది. కోడలు వచ్చి తల్లి నెత్తి మీద చరుస్తుందని ఆయన మాత్రం ఎలా ఊహిస్తారు?

ఆ తరవాత మే నాతో కఠినంగా ఏమీ లేరు. అదే బాధ. నవ్వేవారు, వండేవారు, నేను వెనకనుంచి నడిచి వెళ్తే మాత్రం మెడ బిగుసుకునేది. తలకి తువ్వాలు చుట్టుకోవడం మొదలుపెట్టారు. ఏప్రిల్ నెలాఖరుకి తిరిగి వెళ్ళిపోతానని కొడుకుతో చెప్పారు. నేను తెలుగులో మాట్లాడటం మానేశాను. ఒక్కదాన్నే ఉన్నప్పటికన్నా, ఆవిడ పక్క గదిలో ఉండగా ఆ ఇల్లు నాకు మరింత ఖాళీగా అనిపించేది.

ఏప్రిల్ మధ్యలో వాళ్ళ కొత్త సంవత్సరం వచ్చింది. ఆ రోజు చిన్నవాళ్ళు పెద్దల చేతుల మీద సువాసన నీళ్ళు పోసి తప్పులు క్షమించమంటారట. బయట ఇంకా మంచు పడుతోంది. మల్లెలు ఎక్కడ దొరుకుతాయి, సూపర్‌మార్కెట్‌లో దొరికిన గులాబీల రేకులు గిన్నెలో వేశాను. మా ఆయన తరవాత నేనూ మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ జోడించిన చేతుల మీద నీళ్ళు పోశాను. థాయ్‌లో నేర్చుకున్న వాక్యం సమయానికి గుర్తురాలేదు. "తెలియక చేశాను మే, వెళ్ళిపోకండి," అని తెలుగులో అనేశాను. మా ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ మాత్రం తడిచేతిని నా తల మీద పెట్టి చాలాసేపు ఏదో చెప్పారు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ తల ముట్టుకోవచ్చట.

మర్నాడు మధ్యాహ్నం నేను సోఫాలో ఉంటే, ఆవిడ కొబ్బరినూనె సీసా తెచ్చి నా చేతిలో పెట్టారు. నాకు వీపు చేసి కార్పెట్ మీద కూర్చుని, తువ్వాలు తీసి, ముడి విప్పారు. ముందు ఆవిడ వెనకే దండం పెట్టాను. ఈసారి చరవలేదు, వేళ్ళ చివర్లతో మెల్లగా రాశాను. పలచటి జుట్టు, మాడు దగ్గర మరీ పలచన. ఆవిడ థాయ్‌లో ఏదో అన్నారు, నేను తెలుగులో ఊ కొట్టాను. అలా వెళ్ళేదాకా రోజూ పెట్టాను.

అయినా ఆవిడ వెళ్ళిపోయారు. ఉండమని మా ఆయన చేత అడిగించాను. కోపం లేదని, ఈ ఊళ్ళో రోడ్డు మీద మనుషులు నడవరని, ఒక చలికాలం చూస్తే చాలని చెప్పారట. రోలు నాకు వదిలేశారు. వెళ్ళి చూద్దామని రెండేళ్ళపాటు అనుకుంటూనే ఉన్నాం. ఆవిడ పోయారని కబురు వచ్చేసరికి మా అబ్బాయి నెలల పిల్లాడు. మా ఆయన ఒక్కరే వెళ్ళి వచ్చారు. మొదటిసారి నూనె పెట్టించుకున్న రోజు ఆవిడ థాయ్‌లో నాతో ఏమన్నారో మా ఆయన్ని అడుగుదామంటే, ఆ మాటలు నాకు గుర్తుంటే కదా.

నూనె కరిగింది. అరచేతిలో పోసుకుని నా మాడు మీద నేనే వేసుకున్నాను. ఇప్పుడు నేను ఆవిడ అప్పటి వయసు దాటిపోయాను, వెనకవైపుకి చెయ్యి సరిగా అందదు. ఆవిడ మా ఇంట్లో ఉన్నది ఒక్క చలికాలమే. ఆ తరవాత ఈ ఊళ్ళో ఎన్నో చలికాలాలు గడిపాను, కానీ నాకు మాత్రం అవన్నీ ఆవిడ వెళ్ళిపోయాక వచ్చిన చలికాలాలే.