నూట పంతొమ్మిదికి చుట్టిన సున్నా

హిందీ మాట్లాడే ఫ్యాక్టరీల ఊరు ఉర్లా దగ్గర ఒక హిందీ మీడియం బడిలో ఆరో తరగతికి లెక్కలు చెప్పడానికి చేరి అప్పటికి ఐదు నెలలు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ రోజు ప్రిన్సిపాల్ మేడమ్ నోట్‌బుక్కుతో వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. నా పాఠం చూసి, నన్ను ఉంచాలో పంపాలో తేల్చేది ఆవిడే.

కారణాంకాల పాఠం. బోర్డు మీద 238 రాసి, కింద రెండు కొమ్మలు గీశాను. ఒకదానికి 2, రెండోదానికి 119. రెండు, మూడు, ఐదు వేసి చూశాను, పోలేదు. చెమటకి సుద్దముక్క వేళ్లలోంచి జారుతోంది. ఇక దీన్ని విడదీయలేమని చెప్పి, 119 చుట్టూ సున్నా చుట్టేశాను.

ముందు బెంచీలోని అమ్మాయి లేచింది. వాళ్ల నాన్న దగ్గర్లోని సిల్తారాలో ఉక్కు ఫ్యాక్టరీ ఫిట్టరు. మాలాగే శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు. క్లాసులో ఎప్పుడూ హిందీయే మాట్లాడే పిల్ల, మెల్లగా తెలుగులో అంది.

"మేడమ్, అది ఏడో ఎక్కంలో పోతాది."

ఏడు పదిహేడులు నూట పంతొమ్మిది.

"క్యా బోల్ రహీ హై?" ఏమంటోందని వెనకనుంచి ప్రిన్సిపాల్ అడిగారు.

"మంచినీళ్లకి వెళ్తానంటోంది," అని హిందీలో చెప్పేశాను.

ఆ పిల్ల నా వంక ఒక్కసారి చూసి, బయటికి నడిచింది. మిగతా పిల్లలంతా తలలు వంచుకుని నా తప్పును నోట్‌బుక్కుల్లోకి ఎక్కించుకుంటున్నారు. అది చూస్తూ నిలబడలేకపోయాను. వరండాలోకి వెళ్లి, కుళాయి దగ్గర ఊరికే నిలబడి ఉన్న పిల్లని చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాను.

"తను నీళ్లు అడగలేదు. నా లెక్క తప్పని చెప్పింది. నేను అబద్ధమాడాను," అన్నాను అందరి ముందూ, హిందీలోనే. సుద్దముక్క ఇస్తే, ఆ పిల్ల 119 కింద 7, 17 రాసి తలవంచుకుని వెళ్లి కూర్చుంది.

ప్రిన్సిపాల్ ఏదో రాసుకుని వెళ్లిపోయారు. సాయంత్రం గదికి పిలిచారు.

"లెక్క ఎవరికైనా తప్పుతుంది. పిల్ల మాటని మార్చి చెప్పారు చూడండి, అదీ నాకు నచ్చనిది," అన్నారు. ఉద్యోగం ఖాయం చేయడం ఇంకో ఆరు నెలలు వాయిదా వేశారు.

బయటికొస్తే గేటు దగ్గర ఆ పిల్ల వాళ్ల నాన్న కోసం ఎదురుచూస్తోంది. హిందీలోనే చెప్పొచ్చు కదమ్మా అన్నాను.

"పెద్ద మేడమ్ ముందు మీకు మాటొస్తాదని తెలుగులో సెప్పినాను మేడమ్. మీరు నన్నే బయటికి పంపీసినారు."

తప్పయిపోయిందమ్మా అన్నాను. సరేనని తలూపింది గాని, నా ముఖంలోకి చూడలేదు. వారం దాకా క్లాసులో మళ్లీ నోరు విప్పలేదు.