ఇల్లుబండిలో మద్రాసు

ఊరు దాటాలంటే జొన్నరొట్టెలు మూటగట్టుకుని, సత్రంలో ఇంత చోటు దొరకాలని దేవుడికి మొక్కుకునే రోజులవి. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. నేను జమ్మలమడుగు బడిలో చరిత్ర చెప్పే కొత్త అయ్యవారిని. మద్రాసు కోటను గడప తొక్కకుండానే గంటసేపు వర్ణించేవాణ్ణి. ప్రొద్దుటూరులో ఉండే మా మేనమామకు హోటలు కూడు పడదు, సత్రం చాప అసలే పడదు. అందుకని వేలంలో ఓ పాత మిలిటరీ వ్యాను కొని, లోపల మంచాలు, కిరసనాయిలు పొయ్యి, నీళ్ళ పీపా బిగించి, పాలు పొంగించి గృహప్రవేశం చేశాడు. (పురోహితుడు ఈశాన్యం ఎటని అడిగితే, "బండి యాడ తిరిగితే ఆడ" అన్నాడు మామ.) పక్కన పెద్ద అక్షరాలతో 'ప్రొద్దుటూరు' అని రాయించాడు. మా కష్టాలన్నిటికీ ఆ అక్షరాలే మూలం.

మద్రాసు పోయి కోట, పాత గుళ్ళు అన్నీ చూడాలని మామ పథకం; నన్నూ వెంట రమ్మన్నాడు. అత్త మాత్రం ఒకటే చెప్పింది. "కోటలు నాకెందుకు, మన గండికోట ఉండనే ఉండాది. సముద్రం చూపిస్తానంటే వస్తా." పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె ఎరిగిన నీళ్ళు పెన్నలో తోడుకునే చెలమ నీళ్ళే.

మొదటి రోజు కోట దగ్గర బండి ఆపి అత్త సంగటి కెలుకుతుంటే, ఆ అక్షరాలు చూసి ప్రొద్దుటూరు బట్టల వ్యాపారి ఒకాయన తలుపు తట్టాడు. "ఏమప్పా, మనోళ్ళేనా? శానా దినాలాయ సంగటి తిని." ఇల్లన్నాక చుట్టం రాడా. మామ పీట వేశాడు. ఆయన తిని పోయి ఇంకో ఇద్దరిని పంపాడు. వాళ్ళు పోయి అక్కడ చదువుకుంటున్న పులివెందుల కుర్రాళ్ళను పంపారు. ఇంట్లో చుట్టాలను పెట్టుకుని మనం ఊరు చూడబోతే మర్యాద కాదు కదా. మర్నాడు గుడి దగ్గర ఆపితే అక్కడికీ వచ్చారు. చెనక్కాయల పచ్చడి నంజుకుంటూ, కోట లోపల ఎట్లా ఉంటుందో మాకు వివరంగా చెప్పేవారు. నేను శ్రద్ధగా వినేవాణ్ణి, పాఠానికి పనికొస్తుందని.

చివరికి తిరుగు ప్రయాణానికి ముందు ఒక్క మధ్యాహ్నం మిగిలింది. అన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరికీ వండిపెట్టిన అత్త తెడ్డు తీసి మామ చేతిలో పెట్టింది.

"ఇంగ నువ్వు కెలుకు. నేను పోతాండా."

"యాడికి? ఇంటినిండా మనుషులుంటే?" అన్నాడు మామ.

"సముద్రం కాడికి." నా వైపు తిరిగి, "పారా అబ్బీ" అంది.

నేను కోటకు పోదామని అప్పుడే ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాను. "కోట మూసేస్తారత్తా" అన్నాను.

"నువ్వు చిన్నోడివి, ఇంగోసారి వస్తావు. నన్ను మళ్ళా ఎవురు తెస్తారు?"

 ముఖం ముడుచుకునే వెంట నడిచాను.

సముద్రం ముందు అత్త కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది. తర్వాత, "ఇన్ని నీళ్ళు పెట్టుకోని మన పక్కకు ఒక్క వాన తోలదు చూడు" అని, కుచ్చిళ్ళు ఎగదోపి మోకాటి లోతుకు దిగింది. అల తగిలినప్పుడల్లా పైకే నవ్వింది. ఆమె అట్లా నవ్వగా నేనెన్నడూ వినలేదు. కోట పోయిందన్న దిగులు, ఈమెను తీసుకొచ్చానన్న సంతోషం రెండూ ఒక్కసారే కలిగాయి. మేము తిరిగొచ్చేసరికి మామ కెలికిన సంగటి ఉండలు కట్టింది. చుట్టాలు కిక్కురుమనకుండా తింటున్నారు.

ఆ కోట నేను ఇప్పటికీ చూడలేదు. పాఠం మాత్రం ఏటా చెప్పాను. "మీరు చూసినారా సార్?" అని ఒక్క పిల్లవాడైనా అడక్కపోతాడా, అడిగితే మా అత్త మోకాటి లోతు నీళ్ళలో నవ్విన సంగతి చెబుదామని కాచుక్కూర్చునేవాణ్ణి. ఎవరూ అడగలేదు. నేను రిటైరయ్యాను.