హెల్గా నోట మిగిలిన ఒక్క మాట

2023 చలికాలం. మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌కి దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో నేను స్పీచ్ థెరపిస్ట్‌ని. స్ట్రోక్ వచ్చి మెదడులో మాటల భాగం దెబ్బతింటే దాన్ని అఫేసియా అంటాం. మనిషికి తెలివి ఉంటుంది, మాట దొరకదు. ఆ మాటను వెతికి తేవడమే మా పని.

హెల్గాకు ఎనభై దాటాయి. జిమ్ అనే అమెరికన్‌ని పెళ్లాడి జర్మనీ నుంచి వచ్చి, ఇక్కడ బతుకంతా ఇంగ్లీషులోనే గడిపింది. స్ట్రోక్ తర్వాత ఆమె నోట ఒక్క మాటే మిగిలింది. నర్సులందరికీ అది ‘బాల్డ్’ అని వినబడింది. జిమ్ తల మీద ఒక్క వెంట్రుక లేదు.

మా ఫిజికల్ థెరపిస్ట్ స్రవంతి లంచ్‌లో చెప్పింది. “పాపం అక్కా, ఆయన రోజూ వచ్చి పక్కనే కూర్చుంటాడు. ఆవిడేమో మొహం మీదే బట్టతల అంటది. నవ్వేసి ఊరుకుంటాడు గానీ, బయటికొచ్చి కళ్లు తుడుచుకుంటున్నాడు.”

డాక్టర్‌కి ఆ మాట మీద ఆశ లేదు. ఏం చెప్పినా ఆమెకు అర్థం కావడం లేదని, థెరపీ దండగని, ఇక ఎప్పటికీ, మంచాన పడ్డ ముసలివాళ్లని చూసుకునే నర్సింగ్ హోమ్‌లోనే ఉంచాలని ఆయన అభిప్రాయం. మర్నాటి టీమ్ మీటింగ్‌లో అది ఖాయం కాబోతోంది.

ఆ మధ్యాహ్నం నేను గదిలోకి వెళ్లేసరికి జిమ్ ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఆమె ఆ మాట అంది. నాకు ‘బాల్డ్’ వినబడలేదు. అచ్చు పొట్టిగా ఉంది, చివర ట పలికింది. బల్ట్. హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా పట్టడం తెలుగు చెవికి పెద్ద పని కాదు. ఇది ఇంగ్లీషు మాట కాదని నాకు గట్టిగా అనిపించింది.

వెంటనే ఫోన్‌లో జర్మన్ ఇంటర్‌ప్రెటర్‌ని పిలిచి స్పీకర్‌లో పెట్టాను. అటువైపు ఒక పెద్దావిడ. విషయమంతా విని, “ఆ మాట అనే ముందు ఆమెను ఎవరైనా ఏమన్నా అడిగారా?” అంది.

జిమ్ సిగ్గుపడ్డాడు. “రోజూ అడిగేదే. ఇంటికెప్పుడొస్తావు, హనీ అన్నాను.”

“అయితే ఆమె జవాబు చెబుతోంది. మా భాషలో బల్ట్ అంటే త్వరలో.”

జిమ్ హెల్గా చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. తర్వాత, “మరి మన ఇంగ్లీషు ‘బాల్డ్’, ఆ బట్టతల మాట?” అన్నాడు.

ఆవిడ నవ్వింది. “దానికీ దీనికీ చుట్టరికం లేదండీ. మీ ‘బోల్డ్’ ఉంది చూశారూ, అదీ దీని చుట్టం. డచ్చి వాళ్ల ‘బౌడ్’ కూడా. పూర్వం మా మాటకూ ధైర్యమనే అర్థం. ధైర్యమున్నవాడు ఆలస్యం చెయ్యడు కదా, అలా అది చురుకు అయింది, చురుకు కాస్తా త్వరలో అయింది.”

ఆవిడ చేత జర్మన్‌లో అడిగించాను. కిటికీ చూపించమంటే హెల్గా చూపించింది. కళ్లు మూసుకోమంటే మూసుకుంది. చెంచా ఇమ్మంటే నా చేతిలో పెట్టింది. అవే ఇంగ్లీషులో నేను అడిగితే అయోమయంగా చూసింది. జిమ్ రోజూ అడిగే ఆ ఒక్క ప్రశ్నే ఆమెకు ఇంగ్లీషులో అందుతోంది.

మర్నాడు మీటింగ్‌లో, “ఆమెకు అర్థమవుతోంది, మనం అడిగే భాషే వేరు” అన్నాను. డాక్టర్ నమ్మలేదు. “రండి, మీరే చూడండి” అని గదికి తీసుకెళ్లి మళ్లీ ఫోన్ కలిపాను. చూశాక ఆయనే థెరపీకి ఆర్డర్ రాశాడు.

మొదట జర్మన్‌లో మొదలుపెట్టాం. ఇంగ్లీషు వెనకాలే, కుంటుకుంటూ వచ్చింది. వసంతం వచ్చేసరికి హెల్గా వాకర్ పట్టుకుని ఇంటికి వెళ్లింది.

ఇప్పుడు ఏ కొత్త పేషెంట్ వచ్చినా ఇంట్లోవాళ్లని మొదట ఒకటే అడుగుతాను. చిన్నప్పుడు వీళ్లమ్మ వీళ్లతో ఏ భాషలో మాట్లాడేది? తెలియదనే భర్తలూ పిల్లలూ చాలామందే ఉంటారు. కనుక్కుని రమ్మంటాను. అది తేలేదాకా, ఆ మనిషికి మాట పోయిందని నేను రాయను.