తోడుకింత పెరుగు

నా భర్త దినాలు అయిపోయి, చుట్టాలందరూ బస్సెక్కిన మర్నాడు పొద్దున్నే పటేలు వచ్చాడు. మా శామీర్‌పేటలో భూములున్న మనిషి, అప్పుడప్పుడే ప్లాట్ల బేరాల్లోకి దిగుతున్నాడు. చెప్పులు బయట విడిచి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు అడిగి తాగాడు. నా భర్తకు పచ్చకామెర్లు ముదిరినప్పుడు ఆసుపత్రి ఖర్చుకని ఆయన దగ్గరే మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. దానికి మా రెండు గదుల ఇంటి కాగితం కుదువ పెట్టాం. మనిషి దక్కలేదు, అప్పు మిగిలింది.

"తొందరేం లేదు చెల్లె. కాకుంటే గీ జాగ నాకు రాసియ్యి. అప్పు పోను నేనే మీదికెల్లి ఇంత ఇస్త. పిల్లను తీస్కొని మీ అన్నోళ్లింటికి పో" అన్నాడు.

మంచిగానే అన్నాడు, గొంతు కూడా పెంచలేదు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. మా అన్న రమ్మనే అన్నాడు, నిజమే. వదిన పిలవలేదు. పిలవని ఇంట్లో ఆరేళ్ల పిల్లను పెట్టుకుని, ఎవరు ఏ గిన్నె ఎందుకు చప్పుడు చేశారా అని చూసుకుంటూ బతకడం నా వల్ల కాదు. ఆ రెండు గదులు పోతే నాకూ నా బిడ్డకూ ఈ భూమ్మీద తలుపు వేసుకునే చోటు లేదు.

"జాగ ఇయ్య పటేలా. నీ పైసలు నీకు ముట్టజెప్త. నా కాగితం పైలంగ ఉంచు" అన్నాను.

ఆయన వెళ్లాక ఒట్టు పెట్టుకున్నాను. ఈ ఒక్క అప్పు తప్ప ఇంకెవరికీ ఏదీ బాకీ పడకూడదు. పైసలే కాదు, చారెడు ఉప్పు కూడా. ఎవరి గడపా తొక్కను, ఎవరి ముందూ చెయ్యి చాచను. ఒట్టు పెట్టుకోవడంలో నన్ను మించినవాళ్లు మా వంశంలో లేరు.

మేడ్చల్ రోడ్డులో ఒక మందుల కంపెనీలో గోలీల అట్టలను డబ్బాల్లో సర్దే పని దొరికింది. తలకు టోపీ, మూతికి గుడ్డ. మాట్లాడితే సూపర్‌వైజరు వచ్చి నెత్తిన నిలబడేవాడు. పొద్దంతా నోరు మూసుకుని చేసి, సాయంత్రం ఇంటికొచ్చి నోరు తెరిస్తే వినేది నా బిడ్డ ఒక్కతే. అది నాలుగు ముద్దలు తిని, నేను చెప్పే మాట సగంలో ఉండగానే నిద్రపోయేది. కంపెనీలో ఏదో నవ్వొచ్చే సంగతి జరుగుతుంది, ఇంటికెళ్లి చెప్పాలి అనుకుంటాను, తాళం తీసేటప్పుడు గుర్తొస్తుంది, చెప్పడానికి మనిషి లేడని. కిరసనాయిలు స్టవ్వును తిట్టేదాన్ని. బస్సులో రూపాయి చిల్లర కోసం కండక్టర్‌తో గొడవ పెట్టుకునేదాన్ని. కొన్ని రోజులైతే నా బిడ్డతో కాక ఇంకో మనిషితో నేను మాట్లాడిన మాటలు ఆ గొడవే.

ఆదివారాలు చెరువు కట్ట మీద ఉడకబెట్టిన పల్లికాయ అమ్మేదాన్ని. పట్నం నుంచి జంటలు జంటలుగా వచ్చేవాళ్లు. భార్య కొంగు గాలికి ఎగిరితే మొగుడు పట్టుకునేవాడు, మొగుడి మీసానికి పల్లి పొట్టు అంటితే భార్య తుడిచేది. చూసీ చూడనట్టు పొట్లాలు కట్టేదాన్ని. అంతమందిలో కూర్చుని నాకు ఏడుపొచ్చేది. గంపలో ఆవిరి కళ్లలో పడిందని నా బిడ్డకు చెప్పేదాన్ని.

మా గోడకు గోడ కలిసిన ఇంట్లో ఒక అవ్వ ఉండేది. కొడుకు లారీ తోలేవాడు, నెలకోసారి వస్తే గొప్ప. అవ్వకో బర్రె ఉంది. నేను రోజూ పాలు కొనేదాన్ని, ఏ పూట పైసలు ఆ పూట చేతిలో పెట్టేదాన్ని. నెల తిరిగాక ఒక్కసారే ఇయ్యరాదా అని ఆమె ఎన్నిసార్లు అన్నా నేను వినలేదు.

ఒకసారి అవ్వ చిక్కుడుకాయ కూర వండి గిన్నెతో పంపింది. నా బిడ్డ లొట్టలేసుకుంటూ తిన్నది. మర్నాడు పొద్దున్నే నేను ఆ గిన్నె తోమి, అందులో పావుకిలో చిక్కుడుకాయలు పోసి తీసుకెళ్లి ఇచ్చాను. మాలో గిన్నె ఉత్తగా తిరిగివ్వరు, నిజమే. చిటికెడు చక్కెరో, బెల్లం ముక్కో వేసి ఇస్తారు. నేను మాత్రం తూకం వేసినట్టు చిక్కుడుకాయకు చిక్కుడుకాయ ఇచ్చాను. అవ్వ గిన్నెలోకి చూసి, నా ముఖంలోకి చూసింది.

"ఏంది బిడ్డా, నేను నీకు కూర అమ్మిన్నా?" అంది.

నాకు తప్పేమిటో అర్థం కాలేదు. నేనేదో గొప్పగా బతుకుతున్నాననుకున్నాను.

ఆ వానాకాలం ముసురు పట్టి ఇంట్లో పెరుగు తోడుకోలేదు. పాలు పాలలాగే ఉండి విరిగిపోయాయి. తోడు వెయ్యడానికి చెంచాడు పెరుగు కూడా మిగల్లేదు. గోడ అవతల బర్రె, పాలు కాగే దాలిగుంట, కుండ నిండా పెరుగు. నేను గొడుగేసుకుని చౌరస్తా దాకా బురదలో నడిచి పెరుగు ప్యాకెట్ కొనుక్కొచ్చాను. తిరిగొస్తుంటే అవ్వ గడ్డిమోపుతో ఎదురైంది. నా చేతిలో ప్యాకెట్ చూసి మోపు దించింది.

"చెరువు మీద అలిగి కడుక్కోనట్టే ఉన్నది నీ యవ్వారం. పక్కింట్ల బర్రెనుంచుకొని ప్యాకెట్ పెరుగు తెస్తివి. తోడుకింత పెరుగు అడుగనోళ్లకు ఇగ తోడెక్కడ దొరుకుతది బిడ్డా?"

నేను ఇంట్లోకి పోయి తలుపు ధడాలున వేశాను. ఈమెవరు నాకు చెప్పడానికి అనుకున్నాను. పొయ్యి ముందు కూర్చున్నంతసేపూ ఆ మాట మింగుడు పడలేదు. ఆమె అన్నది పెరుగు గురించీ, మనిషి గురించీ. రెండూ అని నాకు తెలుసు. మా గల్లీలో చక్కెర గ్లాసులు, ఇడ్లీ పాత్రలు, నిచ్చెనలు, రోకళ్లు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి రోజూ తిరుగుతుంటాయి. ఇచ్చింది ఎంతో, తిరిగొచ్చింది ఎంతో ఎవరూ చూడరు. ఆ వంకతోనే గడపలో నిలబడి గంటసేపు మాట్లాడుకుంటారు. నేను ఎవర్నీ ఏదీ అడగను గనక వాళ్లూ నన్నేదీ అడగడం మానేశారు. నా తలుపు కొట్టేవాళ్లే లేకుండా చేసుకున్నది నేనే. అర్థమైంది. అయినా ఒట్టు ఒట్టే అనుకుని మరికొన్ని నెలలు అలాగే బిగుసుకుని కూర్చున్నాను.

ఈలోగా రింగు రోడ్డు వస్తుందన్న మాట పుట్టింది. కరీంనగర్ రోడ్డు పొడుగునా గజం రేటు పూటకో మాటయింది. పటేలు మళ్లీ వచ్చాడు. ఈసారి మంచినీళ్లు అడగలేదు. నేను కడుతున్నది వడ్డీకే సరిపోతోందని, అసలు ఉన్నచోటే ఉందని, ఈ చుట్టుపక్కల జాగలన్నీ కలిపి కొనే పార్టీ ఒకటి దొరికిందని చెప్పాడు. వచ్చే ఉగాది, దాని మీద ఇంకో ఉగాది దాకా ఆగుతానన్నాడు. ఆపైన ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే.

ఆ రోజు నుంచి నాకు ఇంకో ధ్యాస లేదు. కంపెనీలో నా పక్కన పనిచేసే ఆమె మేడ్చల్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో రాత్రి డ్యూటీకి ఆయా కావాలంటున్నారని చెప్పింది. రోజు విడిచి రోజు. జీతం కంపెనీ జీతంలో ముప్పాతిక వంతు. అది మొత్తం అసలుకు కడితే ఇల్లు దక్కుతుంది. మరి రాత్రిళ్లు పిల్ల? మొదటి రోజు నాతోనే తీసుకెళ్లాను. బల్ల మీద పడుకోబెట్టాను. అక్కడి పెద్ద సిస్టరమ్మ వచ్చి, రోగాల మధ్య పిల్లను పడుకోబెడతావా, ఇంకోసారి తెస్తే నువ్వూ రావొద్దు అంది. ఆమె తప్పేం లేదు.

మర్నాడు సాయంత్రం అవ్వ ఇంటి ముందు నిలబడ్డాను. అవ్వ బర్రెకు కుడితి పెడుతోంది. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకున్నాను, దారంటే గోడ చుట్టూ పది అడుగులే. రాత్రి పూట నా బిడ్డను నీ దగ్గర పడుకోనియ్యి అనడానికి నాకు ముఖం చెల్లలేదు. రోజూ పైసలు లెక్కపెట్టి చేతిలో పెట్టినదాన్ని, ఇప్పుడు దీనికి ఎంత లెక్కపెట్టి ఇస్తాను?

"తోడుకింత పెరుగుంటే ఇస్తవా అవ్వా?" అన్నాను.

నా చేతిలో గిన్నె కూడా లేదు. అవ్వ కుడితి చెయ్యి చీరకు తుడుచుకుని నా వైపు చూసింది. నవ్వుతుందేమో, దెప్పుతుందేమో అనుకున్నాను. లోపలికి వెళ్లి తన గిన్నెలోనే పెరుగు తెచ్చి నా చేతిలో పెట్టింది. తోడుకు కాదు, నిండా.

"ఇగ చెప్పు, అసలేం గావాలె?" అంది.

అప్పుడు గడపలో కూలబడి ఏడ్చాను. ముక్కు చీదుకుంటూ అప్పు, ఆసుపత్రి, సిస్టరమ్మ, ఉగాది అన్నీ చెప్పాను. అవ్వ మొత్తం విని, పిల్లకు జొన్నరొట్టె తినడం వచ్చా అని అడిగింది. అంతే. నేను నెలకు ఇంత ఇస్తానని నోరు తెరవబోతే, "చిక్కుడుకాయలు తెస్తవా ఏంది మల్ల?" అంది. రెండేళ్లలో నేను మొదటిసారి మనసారా నవ్వాను.

తర్వాత రెండేళ్లు ఎలా గడిచాయో చెప్పమంటే నాకు నిద్రే గుర్తొస్తుంది. బస్సులో నిలబడి కమ్మీ పట్టుకుని నిద్రపోయేదాన్ని. గోలీల అట్టలు లెక్కపెడుతూ నిద్రపోయి సూపర్‌వైజరుతో తిట్లు తినేదాన్ని. ఆసుపత్రిలో బెడ్‌పాన్లు కడిగాను, వాంతులు ఎత్తాను, నొప్పులు పడే ఆడవాళ్లకు నడుం రుద్దాను. కంపు లెక్కలోకి రాలేదు. నెలకోసారి పటేలు ఇంటికి నడిచి వెళ్లి అసలులోంచి తగ్గించమని దగ్గర కూర్చుని రాయించుకుని వచ్చేదాన్ని. ఇల్లు పోనివ్వను, పోనివ్వను అని అడుగు తీసి అడుగు వేసేటప్పుడల్లా అనుకునేదాన్ని.

మా గల్లీ మాత్రం మారిపోయింది, లేదా నేను మారాను. ఆసుపత్రిలో చేస్తున్నానని తెలిసి, పిల్లలకు జ్వరమొస్తే ఆడవాళ్లు నా తలుపు కొట్టేవాళ్లు. నేనూ ఇంటింటికీ పోయి ఉల్లిగడ్డలు, సూదీదారం సిగ్గు లేకుండా అడిగేదాన్ని. కొన్ని తిరిగివ్వడం మర్చిపోయాను కూడా. అవ్వకు కళ్లలో చుక్కల మందు వేసేది నేనే, బర్రె ఈనినప్పుడు పక్కన కూర్చున్నదీ నేనే. నా బిడ్డకు తల దువ్వేది అవ్వ. మొదట్లో రోజు విడిచి రోజు ఆమె దగ్గర పడుకునేది. తర్వాత నేను ఇంట్లో ఉన్న రాత్రి కూడా, పొద్దుగూకగానే నేను కూర్చున్నచోటే గోడకు ఒరిగి నిద్రపోతుంటే, అది అన్నం తిని అటే పోయేది. మంచిదే అనుకున్నాను. ఆలోచించే ఓపిక లేదు.

రెండో ఉగాదికి ముందే చివరి పైసలు పటేలు చేతిలో పెట్టాను. ఆయన లోపలికి వెళ్లి, కాగితం తెచ్చి, దుమ్ము దులిపి ఇచ్చాడు. భార్యను పిలిచి నాకు చాయ్ పొయ్యమన్నాడు.

"మొగోళ్లతోటి గాలే గీ పని. మస్తు మొండిదానివి చెల్లె" అన్నాడు.

ఆ చాయ్ రుచి నాకు తెలియనే లేదు. కాగితం జాకెట్లో పెట్టుకుని, పైన కొంగు కప్పుకుని, కట్ట మీది నుంచి నడిచి ఇంటికొచ్చాను. ఆసుపత్రిలో డ్యూటీ మానేస్తానని అంతకు ముందే చెప్పేశాను. ఆ సాయంత్రం గుడ్ల పులుసు చేశాను. నా బిడ్డ రెండోసారి పెట్టించుకుని తిన్నది. అప్పటికి అది పదేళ్ల వైపు నడుస్తోంది. చెయ్యి కడుక్కుని, దుప్పటి చంకన పెట్టుకుని గుమ్మం దిగింది.

"ఏడికే? ఇయ్యాల్టికెల్లి నేను రాత్రిళ్లు ఇంట్లనే ఉంట" అన్నాను.

"ఉండు. నాకైతే ఈడ నిద్ర పట్టది" అంది. ఏ పాపం లేని మాట. చెప్పి వెళ్లిపోయింది.

నాకు ముందు కోపమొచ్చింది. పిల్ల మీద, అవ్వ మీద, పటేలు మీద, చచ్చిపోయిన మనిషి మీద. ఈ గోడల కోసమేనా నేను నిద్ర కాచింది, ఎవరెవరివో పీతిగుడ్డలు ఉతికింది, ఎవరి కోసమని ఇదంతా అని గట్టిగానే అన్నాను. వినడానికి ఎవరూ లేరు. ఇల్లు నాది. ఈ ఇంట్లోంచి నన్ను పొమ్మనేవాళ్లు ఇక లేరు, రమ్మనేవాళ్లూ లేరు. గోడకు ఆనుకుని కాసేపు ఏడ్చాను. తర్వాత ఏడుపు కూడా విసుగొచ్చింది. ఇన్నేళ్లు ఒక్కదాన్నే కూర్చుని ఏం సాధించాను గనక, ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టడానికి?

లేచాను. కాగితాన్ని పెట్టెలో చీరల అడుగున పెట్టాను. దీపం ఆర్పి, చాప చుట్టి చంకన పెట్టుకుని, నా ఇంటికి నేను తాళం వేశాను.

అవ్వ ఇంట్లో ఇద్దరూ కింద పడుకుని ఉన్నారు. నా బిడ్డ అప్పుడే నిద్రపోయింది, దాని కాలు అవ్వ కడుపు మీద ఉంది. అవ్వ తల ఎత్తి చూసింది.

"గంత కొట్లాడి ఇల్లు ఇడిపిచ్చుకుంటివి. పోయి ఆడ పండుకోరాదు?" అంది.

"నాకు గూడ ఆడ నిద్ర పట్టది" అన్నాను.

చాప పరిచే చోటు కూడా లేదు. అలాగే మధ్యలో దూరి, బిడ్డ వీపుకు నా కడుపు ఆనించి, అవ్వ భుజానికి తల తగిలేలా పడుకున్నాను. అవ్వ ఒంటి నిండా బర్రె వాసన, పాల వాసన. కాసేపటికి మోచేత్తో నన్ను పొడిచింది.

"జర జరుగు బిడ్డా, ఇరుకైతాంది."

నేను జరగలేదు.